బ్రహ్మాజీ నడుము: శాఖాపరమైన చర్యలు

బ్రహ్మాజీకి నడుంనొప్పి ఉందని ఆఫీసులో అందరికీ తెలుసు. ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకోనంత కాలం అతను ఎలాగోలా నెట్టుకొచ్చాడు. శాఖ పట్టించుకోవడం మొదలుపెట్టాకే మంచాన పడబోయాడు.

పాత దస్త్రాల సంరక్షణ శాఖ వారి జిల్లా కార్యాలయం కాలువగట్టు పక్కన ఉంది. తాతల నాటి కాగితం కావలసినవాళ్లు అక్కడ అర్జీ పెట్టుకుంటే, వెతికి, నకలు తీసి, ముద్ర వేసి ఇస్తారు. ఆ నకళ్ల సెక్షనులో బ్రహ్మాజీ సీనియర్ అసిస్టెంటు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఒకటే కుర్చీ. కుర్చీకి నాలుగు కాళ్లూ ఉన్నాయి గాని నాలుగూ ఒకే పొడుగు లేవు. యాభైమూడో ఏట నడుంలోని నొప్పి ఎడమ తుంటిలోకి దిగి, తొడ వెనకనుంచి పిక్కదాకా కరెంటు తీగలా లాగడం మొదలుపెట్టింది. దగ్గితే లాగేది. తుమ్మితే కళ్లముందు చుక్కలు కనపడేవి. బస్సులో సీటు దొరికితే జనం సంతోషిస్తారు, బ్రహ్మాజీ భయపడేవాడు.

భార్య మంగతాయారు పోరగా పోరగా వెళ్లి ఫిజియోథెరపీ డాక్టరమ్మ షాహీన్‌కి చూపించుకున్నాడు. ఆ అమ్మాయి స్కాన్ చూసింది, మంచంమీద పడుకోబెట్టి కాలు ఎత్తించి చూసింది. చివరికి, "సయాటికా అంకుల్. ఆపరేషన్ దాకా వెళ్లక్కర్లేదు. మందులు పది రోజులు, అలవాట్లు ఎల్లకాలం. చేస్తారా?" అంది.

"చెప్పమ్మా."

"అరగంట మించి ఏకధాటిగా కూర్చోకండి. లేచి రెండు నిమిషాలు నడవండి. కూర్చున్నప్పుడు నడుం వెనక తువాలు చుట్ట పెట్టుకోండి. వెనక జేబులో ఆ పర్సు తీసెయ్యండి, దానివల్ల ఒక పక్కకి ఒరిగి కూర్చుంటున్నారు. కిందున్నది ఏదైనా తియ్యాలంటే నడుం కాదు, మోకాళ్లు వంచండి. రాత్రి పక్కకి తిరిగి మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని పడుకోండి."

"అంతేనా?"

"అంతే. కానీ రోజూ. రోజూ నొప్పి పదికి ఎన్నో రాసుకోండి. పాదం తిమ్మిరెక్కి చచ్చుబడినట్టుంటే మాత్రం ఆగకుండా వచ్చెయ్యండి."

బ్రహ్మాజీ మాట వినే మనిషి. చెప్పినవన్నీ చేశాడు. గోడ గడియారం చూసుకుని అరగంటకోసారి లేచి, వరండా ఈ చివరినుంచి ఆ చివరిదాకా నడిచి వచ్చి, మళ్లీ నకలు రాసుకునేవాడు. మూడు వారాల్లో ఎనిమిది నొప్పి మూడుకి దిగింది. ఒక ఉదయం ఎవరి సాయమూ లేకుండా మేజోళ్లు తొడుక్కుంటే మంగతాయారు వంటింట్లోంచి వచ్చి వింత చూసినట్టు చూసింది.

సరిగ్గా అప్పుడే జిల్లా అధికారి పరాంకుశంగారు సెక్షన్లు తిరగడానికి వచ్చారు. బ్రహ్మాజీ కుర్చీలో మనిషి లేడు, తువాలు చుట్ట ఉంది. వరండా చివరినుంచి బ్రహ్మాజీ పరుగున వచ్చేసరికి పరాంకుశంగారు ఆ చుట్టని పెన్సిలుతో పొడిచి చూస్తున్నారు. పెన్సిలు జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు.

సూపరింటెండెంటు విశాలాక్షిగారు మంచావిడ. "ఎందుకొచ్చిన గొడవ బ్రహ్మాజీగారూ, ఒక అర్జీ పెట్టేసుకోండి. అనుమతి ఉంటే ఎవరూ ఏమీ అనరు," అంది. ఆవిడ మంచికే చెప్పింది. కాని ఆఫీసులో ఏ పనైనా చేసుకోవచ్చు, అనుమతి అడగనంత వరకే. బ్రహ్మాజీ అడిగాడు. అరగంటకొకసారి రెండు నిమిషాలు నడిచేందుకు అనుమతి ఇప్పించవలసిందిగా నాలుగు వాక్యాల అర్జీ పెట్టాడు.

మూడోనాడు గదిలోకి పిలుపు వచ్చింది.

"కూర్చోండి," అన్నారు పరాంకుశంగారు. ముప్పావుగంట కూర్చోబెట్టారు. "మీ విన్నపాన్ని క్షుణ్ణంగా పరిశీలించాను. మానవతా దృక్పథంతో చూస్తే ఇది న్యాయమే. పరిపాలనా దృక్పథంతో చూస్తే ప్రమాదం. ఈ కార్యాలయంలో నలభై రెండు నడుములున్నాయి. ఒక నడుముకు కల్పించిన సౌకర్యం నలభై ఒకటికి నిరాకరించుట సమానత్వానికి గొడ్డలిపెట్టు. అవునా, కాదా?"

"మిగతావాళ్లకి నొప్పి లేదండి."

"లేదని నిర్ధారణ అయినదా?"

బ్రహ్మాజీ నడుం పట్టుకుని లేచి వచ్చేశాడు.

సోమవారంనాడు నోటీసు బోర్డుమీద ఉత్తర్వు పడింది. దానిపేరు సమగ్ర వెన్నెముక సంక్షేమ కార్యక్రమం. 'కార్యాలయ సిబ్బంది యావన్మంది ప్రతి ముప్పది నిమిషములకు గంట మ్రోగిన తక్షణమే లేచి రెండు నిమిషములు నడువవలెను. లేచుట అనగా ఆసనముతో శరీరమునకు గల సంబంధము పూర్తిగా తెగిపోవుట. పాక్షికముగా లేచుట లేచుటగా పరిగణింపబడదు.'

గంట మోగింది. నలభై రెండు మందీ లేచి ఒక్కసారిగా వరండాలో పడ్డారు. ఆ వరండాలో ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి అంటుకోవాలి. ముందువాళ్లు చివరిదాకా వెళ్లి తిరగబోయేసరికి వెనకవాళ్లు ఇంకా తలుపు దగ్గరే ఉన్నారు. రెండు నిమిషాల నడక పద్దెనిమిది నిమిషాలు పట్టింది. అందరూ వచ్చి కూర్చుని కలం తెరిచేసరికి మళ్లీ గంట. నకళ్లకోసం వచ్చినవాళ్లు సమ్మె అనుకుని వెళ్లిపోయారు. అటుగా పోతున్న ఒక సంఘం నాయకుడు లోపలికి వచ్చి, డిమాండ్లేమిటో కనుక్కోకుండానే మద్దతు ప్రకటించి పోయాడు.

పరాంకుశంగారు పైకి నివేదిక పంపారు. రాజధానిలోని సంచాలకులవారు తెగ మెచ్చుకుని ఒకే ప్రశ్న వేశారు. లేచినారని రుజువేమిటి?

దాంతో లేచుట రిజిస్టరు పుట్టింది. లేచిన సమయం, నడిచిన దిక్కు, వేసిన అడుగులు, కూర్చున్న సమయం, లేవకముందు నొప్పి, లేచిన తరువాత నొప్పి, సంతకం. నలభై రెండు మంది, రోజుకి పద్నాలుగుసార్లు. ఈ రిజిస్టరుకి ఒక నోడల్ అధికారి కావలసివచ్చారు.

"ఈ రంగంలో అనుభవజ్ఞులు మీరొక్కరే," అన్నారు పరాంకుశంగారు బ్రహ్మాజీతో, పదవి ఇస్తున్నవాడి ముఖం పెట్టి.

"మరి నేనెప్పుడు లేవాలండీ?"

"రిజిస్టరు నిర్వహించువారు లేచినచో రిజిస్టరు నిర్వహణ లేక పడియుండును. అది రికార్డు భద్రతకు భంగం. మీ సేవలు ఆసీనమైనవి."

అలా ఆ మొత్తం కార్యాలయంలో ఉదయం పదిన్నరకి కూర్చుని సాయంత్రం ఐదున్నరకి లేచేవాడు ఒక్క బ్రహ్మాజీయే అయ్యాడు. భోజనం కూడా అక్కడే. నీళ్లు తాగడం తగ్గించాడు. చుట్టూ జనం లేస్తున్నారు, నడుస్తున్నారు, వచ్చి వాళ్ల అడుగులు చెబుతున్నారు, అతను రాస్తున్నాడు.

ఇంతలో తువాలుమీద పడ్డారు. నడుం వెనక చుట్ట ఎంత లావుండాలన్న దానిమీద ముగ్గురు సభ్యుల సంఘం కూర్చుంది. మీరు విన్నది నిజమే, నాలుగు రోజులు కూర్చుంది. వాళ్లలో ఇద్దరికి ఆ నాలుగు రోజుల్లోనే నడుంనొప్పి వచ్చింది. దాన్ని నివేదికలో 'క్షేత్రస్థాయి అనుభవం' అని రాసుకున్నారు. గేటు దగ్గర వెనక జేబులు తడిమే తనిఖీ మొదలైంది. ఆపైన వంగుట నిషేధం వచ్చింది. 'మోకాళ్లు వంచి వస్తువులను ఎత్తు విధానములో శిక్షణ పొంది ధ్రువపత్రము లేనివారు నేలనుండి రెండడుగుల లోపు నున్న ఏ దస్త్రమును తాకరాదు.' శిక్షణ ఇచ్చేవారు ఇంకా నియమితులు కాలేదు. కాబట్టి ప్రతి బీరువాలోనూ అడుగు అర ఎవరికీ అందని లోకం అయిపోయింది.

అడుగు అరలోనే ఉంది నూకరత్నం కాగితం.

నూకరత్నం మార్కెట్లో చేపలమ్ముతుంది. అరవై దాటాయి, నెత్తిన గంపతో నడిస్తే చెయ్యి వెయ్యకుండా నడుస్తుంది. రోడ్డు వెడల్పు చేస్తామని మున్సిపాలిటీవాళ్లు ఆమె ఇంటిగోడకి ఎర్ర గీత గీశారు. స్థలం మీదేనని పాత కాగితం చూపిస్తే గీత జరుపుతామన్నారు, శుక్రవారం విచారణ. ఆ కాగితం వాళ్ల నాన్న పేరుమీద అరవైరెండో సంవత్సరంది. అది ఫలానా బీరువాలో అడుగున ఉందని బ్రహ్మాజీకి కళ్లు మూసుకున్నా తెలుసు.

"ఏం బాబూ, నా కాయితం తేల్లేదా?" అని నెలరోజులుగా ఆమె అడుగుతూనే ఉంది.

"కింద అరలో ఉందమ్మా."

"కింద ఉంటే తీత్తే రాదా?"

"వంగకూడదని ఆర్డరు."

నూకరత్నం, "వంగకుండా బతికేవోళ్లని ఇప్పుడే చూత్తన్నాను," అని వెళ్లి గుమ్మం పక్కన గోడకి ఆనుకుని నిలబడింది.

ఇక నొప్పి గడులు. నెలాఖరుకి లెక్క తీస్తే నలభై రెండు మందిలో నలభై ఒక్కరు 'నొప్పి లేదు' అని రాశారు. లేని నొప్పి తగ్గదు, తగ్గకపోతే కార్యక్రమం ఫలించినట్టు కాదు. పరాంకుశంగారు సవరణ ఉత్తర్వు వేశారు. 'నొప్పి లేదని వ్రాయుట కార్యక్రమం పట్ల నిరాసక్తతగా భావింపబడును.' మర్నాడు నలభై ఒక్కమందికీ ఎనిమిదేసి నొప్పి వచ్చింది. వారానికి ఒకటి చొప్పున తగ్గిస్తూ వచ్చారు. గోడమీద గీసిన గ్రాఫు జారుడుబల్లలా చక్కగా దిగింది.

బ్రహ్మాజీ ఒక్కడే ఎదురెక్కాడు. మూడు, నాలుగు, ఆరు, ఎనిమిది. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో ఒక్క తప్పుడు అంకె వెయ్యని చెయ్యి అది. చూసింది చూసినట్టు, పడింది పడ్డట్టు రాసింది. విశాలాక్షిగారు రిజిస్టరుమీద వంగబోయి, నిషేధం గుర్తొచ్చి ఆగి, నిలువునా నిలబడే బతిమాలింది.

"ఒక్క ఐదు వేసెయ్యండి బ్రహ్మాజీగారూ. మీ ఒక్కరివల్ల సగటు పాడవుతోంది."

"నిజంగా ఎనిమిది ఉందండి."

"నాకు తెలుసండీ. కాని ఆయనకి చెప్పేదెవరు?"

చెప్పక్కర్లేకపోయింది, ఆయనే చూశారు. సాయంత్రానికి మెమో వచ్చింది. 'కార్యాలయ ఉత్తర్వులకు విరుద్ధముగా మీ నొప్పి ఏల పెరిగినదో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను.'

ఆ మెమో ఇంటికి తీసుకెళ్లి మంగతాయారుకి చదివి వినిపించాడు. ఆవిడ నవ్వబోయి, అతను చెప్పులు విడవడానికి పాదం వెతుక్కోవడం చూసి ఆగిపోయింది.

"ఏవండీ, ఏమైంది?"

"ఎడం పాదం తెలియడంలేదు. చెప్పు ఊడిందో లేదో కూడా తెలియడంలేదు."

షాహీన్ సూదితో వేళ్లు పొడిచి చూసింది. ఈసారి అంకుల్ అనలేదు. "రోజుకి ఏడు గంటలు కూర్చుంటున్నారా? నేను చెప్పిందేంటి, మీరు చేస్తున్నదేంటి? ఇలాగే ఇంకో నెల కూర్చుంటే నా చేతిలో ఉండదండి, సర్జన్ దగ్గరికి పంపించాలి. అప్పుడు కూడా పాదం పూర్తిగా వస్తుందని ఎవరూ రాసివ్వరు." బయటికి వచ్చాక మంగతాయారు అతన్ని పట్టుకుని రిక్షా ఎక్కించింది. ఎక్కాక, "ఉద్యోగం పోతే పోయింది. కాలు పోతే ఎలాగండీ?" అంది, ఇంకో పక్కకి చూస్తూ.

గురువారం రాజధానినుంచి సంయుక్త సంచాలకులవారు పథకం చూడ్డానికి వచ్చారు. పెద్ద హాల్లో గ్రాఫు ఎదుట పరాంకుశంగారు ఉపన్యసిస్తున్నారు. పదకొండింటికి గంట కొట్టాలి, అందరూ ఒకే క్షణాన లేవాలి. వారంరోజులుగా అదే తాలీము. సెక్షన్లో బ్రహ్మాజీ, రిజిస్టరు, గుమ్మంలో నూకరత్నం, అంతే.

"రేపే బాబూ," అంది ఆమె. ఈసారి గొంతులో దెప్పు లేదు. "కాయితం లేకపోతే పొక్లైను వత్తదంట. నేను లోపలికొచ్చి తీసుకోనా? గంప ఎత్తినదాన్ని, కట్ట ఎత్తలేనా?"

"బయటివాళ్లు రాకూడదమ్మా."

"మరి లోపలోళ్లు తియ్యరు!"

బ్రహ్మాజీ రిజిస్టరు వంక చూశాడు. తన పేరు ఎదురుగా నొప్పి గడులు తప్ప మిగతా గళ్లన్నీ ఖాళీ. రెండు నెలల్లో ఒక్కసారి కూడా లేవలేదని తన చేత్తోనే రాసుకున్నట్టుంది. కలం మూత పెట్టాడు. బల్ల అంచు పట్టుకుని లేచాడు. నొప్పి తుంటిలోంచి మెరుపులా దిగింది. బీరువా దాకా పన్నెండు అడుగులు, ఎడం పాదం ఎక్కడ పడుతోందో కళ్లతో చూసుకుంటూ వేశాడు.

"నడుం వంచకు బాబూ!" అంది నూకరత్నం గుమ్మంలోంచి. "కాళ్లు ఎడంగా పెట్టు. మోకాళ్లమీద దిగు. ఆ... అదీ. కట్టని పొట్టకి అదుముకో. లెగిసేటప్పుడు తొడల్తో లెగు."

డాక్టరమ్మ చదువుకుని చెప్పింది, ఈమె గంప మోసి చెబుతోంది, రెండూ ఒకటే. కట్టమీద దుమ్ము ఊది ముడి విప్పుతున్నాడు. హాల్లో గంట మోగింది. నలభై ఒక్కమంది లేచిన చప్పుడు, చప్పట్లు, వెంటనే అడుగుల చప్పుడు. రిజిస్టరు చూపించడానికి పరాంకుశంగారు సంయుక్త సంచాలకులవారిని తీసుకుని సెక్షన్లోకి వచ్చారు.

రిజిస్టరు ఒంటరిగా ఉంది. నోడల్ అధికారి బీరువా ముందు గొంతుకు కూర్చుని ఉన్నాడు.

"బ్రహ్మాజీ గారూ! మీరు వంగి ఉన్నారు!"

"వంగలేదండి. కూర్చున్నానండి."

"లేచుట సమయంలో కూర్చున్నారా!"

బ్రహ్మాజీ కట్టలో కాగితాలు తిప్పుతూనే ఉన్నాడు. అరవైరెండు నాటి కాగితం దొరికింది. తొడలమీద బలం వేసి లేచి, బల్ల దగ్గరికి వచ్చి, అందరూ చూస్తుండగా నిలబడే నకలు రాశాడు. చదివి సరిచూశాడు, ముద్ర వేశాడు. సూపరింటెండెంటు సంతకం కావాలి. వాళ్ల వెనకే వచ్చిన విశాలాక్షిగారు పరాంకుశంగారి ముఖం చూసింది, నూకరత్నం ముఖం చూసింది, కలం తీసి సంతకం చేసేసింది.

సంయుక్త సంచాలకులవారు ఇదంతా ఆసక్తిగా గమనించి, "ఓహో! ఈ కార్యాలయంలో నకళ్లు కూడా ఇస్తారా?" అని అడిగారు.

నూకరత్నం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రొండిన దోపుకుంది. బ్రహ్మాజీకి దణ్ణం పెట్టింది. మిగిలినవాళ్లకి పెట్టలేదు.

మూడు అభియోగాలు రాశారు. ఒకటి, నమోదు చేయకుండా లేచుట. రెండు, ధ్రువపత్రం లేకుండా శరీరాన్ని కిందికి దించుట. మూడు, నొప్పి నివారణ కార్యక్రమం అమలులో ఉండగా నొప్పి కలిగియుండుట. మూడూ రుజువయ్యాయి. శిక్షగా అతన్ని సెక్షనునుంచి తీసేసి తపాలు పనికి వేశారు. ఊళ్లోని ఆఫీసులన్నిటికీ ఉత్తరాలు చేత్తో అందించి సంతకాలు తీసుకురావాలి. 'వాహనము వాడరాదు, కాలినడకన మాత్రమే.'

సీనియర్ అసిస్టెంటు భుజాన ఉత్తరాల సంచీ! మొదటిరోజు బ్రహ్మాజీ తెలిసినవాళ్లు ఎదురవుతారని సందుగొందులు పట్టి తిరిగాడు. మంగతాయారు పేరంటాలకి వెళ్లడం మానేసింది. "నలుగురూ అడుగుతున్నారండీ," అంది. వారంరోజులు నొప్పి నమిలేసింది. షాహీన్ మాత్రం సంగతి విని కుర్చీలోంచి లేచింది.

"నడకా? రోజంతానా? ఎవరండీ ఈ మంచి పని చేసింది?"

"శిక్ష వేశారమ్మా."

"ముందు మెల్లగా. పావుగంట నడిచి రెండు నిమిషాలు ఆగండి. సంచీ ఒక భుజానికే వెయ్యకండి, మారుస్తుండండి. మెత్తటి చెప్పులు కొనుక్కోండి. నేను నేర్పిన వ్యాయామాలు పొద్దున్నే చెయ్యండి. ప్రతి సోమవారం వచ్చి పాదం చూపించండి."

రెండో నెలలో ఎడంకాలి బొటనవేలికి ఇసుక తగలడం తెలిసింది. గట్టుమీద ఆగి, చెప్పు విప్పి, మళ్లీ ఇసుకలో పెట్టి చూసుకున్నాడు. తెలిసింది. చుట్టూ ఎవరూ లేరు కాబట్టి కళ్లు తుడుచుకున్నాడు. మూడో నెలకి నొప్పి ఒకటికి దిగింది. సందులు మానేసి పెద్ద బజారుమీదే నడుస్తున్నాడు. మున్సిపాలిటీలో ఉత్తరం ఇచ్చిన ఒకనాడు గుమాస్తాని అడిగితే, చేపలామె ఇంటిగోడమీది గీత నాలుగడుగులు రోడ్డువైపుకి జరిగిందని చెప్పాడు. మంగతాయారు కూడా పేరంటాలకి బయల్దేరింది. "మావారు రోజూ ఆరు మైళ్లు నడుస్తారు," అని చెప్పుకుంటోందని తర్వాత తెలిసింది.

అప్పుడు వచ్చింది శిక్షా ప్రభావ సమీక్ష.

ఆ ఉదయం బ్రహ్మాజీ మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వస్తుంటే విశాలాక్షిగారు ఎదురొచ్చి చెయ్యి అడ్డం పెట్టింది. "అలా ఎక్కకండి మహానుభావా! ఆయన కిటికీలోంచి చూస్తారు. శిక్ష మీ ఒంటికి పడుతోందని ఎవరో చెప్పారట."

బ్రహ్మాజీకి అర్థంకాలేదు. గదిలోకి వెళ్లాక అర్థమైంది.

"శిక్ష అనగా బాధ కలుగవలెను," అన్నారు పరాంకుశంగారు ఫైలు తిప్పుతూ. "బాధ కలగని శిక్ష సౌకర్యమవుతుంది. అభియోగం రుజువైన ఉద్యోగికి సౌకర్యం కల్పించుట నిబంధనలకు విరుద్ధం. అట్టి పరిస్థితిలో శిక్షను ఉపసంహరించి మిమ్మల్ని తిరిగి రిజిస్టరు వద్ద ఆసీనులను చేయక తప్పదు. సూటిగా చెప్పండి. ప్రస్తుతం నొప్పి ఎంత?"

గోడమీది గ్రాఫు చాలా బాగుంది. ఆ కుర్చీ, ఆ గంట, తెలియకుండా పోయిన పాదం బ్రహ్మాజీ కళ్లముందు తిరిగాయి. చెయ్యి దానంతటదే నడుంమీదికి వెళ్లింది. ఒక పక్కకి ఒరిగాడు. ఇరవై ఎనిమిదేళ్లలో మొదటిసారి నోటికి తప్పుడు అంకె వచ్చింది.

"తొమ్మిదండి," అన్నాడు.

"తొమ్మిదా?"

"సాయంకాలాలు తొమ్మిదిన్నర అండి."

పరాంకుశంగారి ముఖం విప్పారింది. తను వేసిన ఒక ఉత్తర్వు ఫలించడం ఆయన కూడా మొదటిసారి చూస్తున్నారు. శిక్షను మరో ఆరు నెలలు పొడిగిస్తూ అక్కడే సంతకం చేశారు.

బ్రహ్మాజీ గోడ పట్టుకుని, ఎడంకాలు ఈడ్చుకుంటూ మెట్లు దిగాడు. కిటికీ కనుచూపు దాటి ప్రహరీ మలుపు తిరిగేదాకా అలాగే కుంటుతూ నడిచాడు. అక్కడ ఆగి, సంచీ రెండో భుజానికి మార్చుకుని, ఆ రోజు ఉత్తరాలు తీసి చూసుకున్నాడు. పదకొండు ఉన్నాయి. అన్నిటికన్నా దూరం లాకుల దగ్గరి ఇరిగేషన్ బంగళా, గట్టువెంట రెండు మైళ్లు. ఆ కవరు తీసి అన్నిటికన్నా పైన పెట్టుకున్నాడు.